పూజలో పెట్టిన డిక్షనరీ

మా వంటింట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని ఉండదు, ‘మెటిక్యులస్’ అని ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద ‘రిలక్టెంట్’. గ్రైండర్ మీద ఒకటి, కుళాయి పైన ఒకటి. పెరంబూరులో మాది రెండు గదుల ఇల్లు. కూర్చుని చదువుకునే చోటు లేక, కష్టమైన ఇంగ్లీషు మాటలన్నీ చీటీల మీద రాసి, నేను నిలబడి పనిచేసే చోటల్లా అంటించాను. పిండి రుబ్బుతూ ఒక మాట, అంట్లు తోముతూ ఒక మాట. చుట్టాలొచ్చి చూసి నవ్విపోయారు. నవ్వితే నవ్వనీ.

ఈ అగచాట్లన్నీ ఆఫీసులో పెట్టే పరీక్ష కోసం. నాది డేటా ఎంట్రీ పని. విదేశీ కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు రాసే సెక్షన్లోకి వెళ్ళాలంటే ఆ పరీక్ష పాసవ్వాలి. నేను చదివింది తమిళంలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఇంగ్లీషేమో పని జరిగేంత వరకే. ఏ కోపానికైనా ‘యాంగ్రీ’, ఏ బాధకైనా ‘శాడ్’. అక్కడ అవి చాలవు. విసుగులోంచి పుట్టిన కోపానికి ఒక మాట, మర్యాద చాటున దాచుకున్న కోపానికి ఇంకో మాట కావాలట. తెలుగులో అయితే కోపాల రకాలన్నీ నాకు పుట్టుకతోనే వచ్చు, ఏం లాభం?

పరీక్ష ఎప్పుడూ దసరా సెలవు అయిన మర్నాడే పెడతారు. అది నా ఖర్మ. మా మామ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి పోయిన మనిషి. ఆయన ఉన్నప్పటి నుంచీ ఆయుధపూజ అంటే మా అత్తకు ప్రాణం. సుత్తి, స్పానర్లు, కత్తిపీట, కత్తెర, పుస్తకాలు, అన్నీ తుడిచి గంధం, కుంకుమ పెట్టి పూజలో ఉంచుతుంది. విజయదశమి పొద్దున మళ్ళీ దీపం పెట్టి తీసేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. చదవనే కూడదు.

పోయినేడు పూజనాడు నేను స్నానం చేసి వచ్చేసరికి వంటిల్లు బోసిపోయి ఉంది. చీటీలన్నీ ఊడబెరికి, డిక్షనరీ మీద దొంతి పెట్టి, బొరుగుల పళ్ళెం పక్కన సర్దేసింది అత్త. పోనీ ఫోన్లో చదువుకుందామంటే ఫోనూ అక్కడే ఉంది, స్క్రీన్ మధ్యలో కుంకుమబొట్టుతో. దాంట్లో చదువుతాను కదా, అదీ పుస్తకమేనట. మర్నాడు తీసి, చీటీలన్నీ తనకు తోచినచోట అంటించింది. ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు. నేనేమో చోటును బట్టి మాటను గుర్తుపెట్టుకునేదాన్ని. అంతా కలగాపులగం అయింది, పరీక్ష తప్పాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆవిడను సాధించాను. చెల్లెలికి ఫోన్లో, పక్కింటావిడకు మెట్ల మీద, మా ఆయనకు అన్నం వడ్డిస్తూ, ఈ పూజ వల్లే నా పరీక్ష పోయిందని చెప్పాను. ఆవిడకు వినపడేట్టే చెప్పాను. ఆవిడ ఒక్కసారైనా బదులు చెప్పలేదు. చెబితే ఇంకో నాలుగు అనేదాన్ని.

ఈ ఏడు సంగతి ముదిరింది. డేటా ఎంట్రీ సెక్షన్ ఎత్తేస్తున్నామని, పరీక్ష పాసైనవాళ్ళకే ఉద్యోగమని చెప్పేశారు. ఇక పూజనాడు పొద్దున్నే పోట్లాటకు సిద్ధమై లేచాను. ఏ మాట తర్వాత ఏ మాట అనాలో వరస కూడా కుదుర్చుకున్నాను. తీరా వంటింట్లోకి వెళితే చీటీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పూజలో మామ సుత్తి ఉంది, కత్తిపీట ఉంది, మా ఆయన బండి తాళం ఉంది, నా డిక్షనరీ లేదు. అది బియ్యం డబ్బా మీద ఉంది, పక్కనే ఫోను.

అత్త శనగలు తాలింపు వేస్తూ, నా వైపు తిరక్కుండానే అంది.

“ఈడనే పెట్టుండా. సదూకో పో. సదువులమ్మకి నేను చెప్పుకుంటాలే.”

“తప్పు కదా అత్తా?” అన్నాను. పోట్లాడడానికి వచ్చిన నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో.

“తప్పే. తగిల్తే నాకు తగలనీ.”

కోరుకున్నది దొరికింది కదా, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక పూజనాడు పుస్తకం తెరిచినదాన్ని కాదు. తెరిచాను, మూశాను, నన్ను నేను తిట్టుకుని మళ్ళీ తెరిచాను. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు. ఉద్యోగం పోయేట్టుంది, ఇప్పుడా నీకు భక్తి పుట్టుకొచ్చేది అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది, ఈసారి మండిపడడానికి ఎవరూ లేరు. చివరికి లేచి వెళ్ళి డిక్షనరీని సుత్తి పక్కన పెట్టాను. ఫోనూ పెట్టాను. చీటీలు నా చేత్తోనే ఊడదీశాను. అత్త చూసి, గంధం గిన్నె నా చేతికిచ్చింది.

ఇదంతా నిన్నటి మాట. ఇవాళ పూజ తీశాక పెన్ను పట్టి, చదువుకోవాల్సింది పోయి ఇది రాస్తున్నాను. పరీక్ష రేపే. రేపు గనక తప్పితే, అత్తను అనడానికి నాకు నోరు కూడా లేదు.