రెండు పొట్టేళ్ల ప్రశ్న

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. పన్నుల పాఠం నాకు కొట్టిన పిండి. మంచి పన్ను అందరి మీదా సమానంగా పడాలి, ఎంత కట్టాలో ముందే తెలియాలి, కట్టేవాడికి వీలుగా ఉండాలి. ఇదంతా కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. పిల్లలు కూడా కళ్ళు మూసుకునే వినేవాళ్ళు.

శనివారం సాయంత్రం బస్సెక్కి జమ్మలమడుగు అవతల ఉన్న మా ఊరికి పోయేవాణ్ణి. ఊళ్ళో రెండు వర్గాలు, పైవీధి, కిందివీధి. వాళ్ళ గొడవ దేనికి మొదలైందో చెప్పగలిగినవాళ్ళు అప్పటికే పోయారు, కొందరు వయసు మీదపడి, ఎక్కువమంది ఆ గొడవలోనే. పార్టీలు తర్వాత వచ్చాయి. పైవీధి పెద్దాయన పొద్దున ఒక పార్టీ కండువా వేసుకుంటే, మధ్యాహ్నం భోజనాల వేళకు కిందివీధి పెద్దాయన మెడలో రెండో పార్టీ కండువా పడేది. ఒకసారి అటువాడు ఇటు, ఇటువాడు అటు మారారు. నిన్నటిదాకా సర్కారు పన్నులు పేదల నడ్డి విరుస్తున్నాయని వాదించిన టీ అంగడి బెంచీ, మరునాటి నుంచి అవే పన్నులు లేకపోతే దేశం నడవదని వాదించింది. ఎవరికీ నవ్వు రాలేదు. నాకు వచ్చింది గానీ, ఆ అంగట్లో నవ్వాలన్నా ఏదో ఒక వర్గంలో ఉండాలి.

మా ఇల్లు ఏ వర్గంలోనూ లేదు. అందుకు కారణం గొర్రెలు. మా నాయన మందను కోత అయిన చేలల్లో మేపి, ఆ చేలల్లోనే పడుకోబెట్టేవాడు. పెంట నేలకు బలం, అందుకు బదులుగా రైతు జొన్నలు కొలిచేవాడు. ఒక వారం పైవీధి వాళ్ళ చేను, ఒక వారం కిందివీధి వాళ్ళది. గొర్రె పెంటకు వర్గం లేదు కాబట్టి మా నాయనకూ అక్కర్లేదని రెండు వీధులూ ఒప్పుకున్నాయి. ఎవరి గడ్డివాములో ఏం దాచారో అందరికీ తెలిసిన ఆ ఊళ్ళో, ఏ చేలోకైనా భయం లేకుండా అడుగు పెట్టగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆ గౌరవాన్ని నేను ఒక్క ప్రశ్నతో పోగొట్టాను.

ఎన్నికలొచ్చాయి. పైవీధి వాళ్ళ పార్టీ తరఫున మాట్లాడటానికి పులివెందుల నుంచి ఒక వకీలు జీపులో వచ్చాడు. షామియానా, మైకు, ముందు వరుసలో కుర్చీలు, వెనక తువ్వాళ్ళ కింద చేతులు దాచుకుని నిలబడ్డ మనుషులు. తమ పార్టీ వస్తే నీటి తీరువా ఎత్తేస్తుందన్నాడు. అమ్మకం పన్ను తీసేస్తుందన్నాడు. బోర్లకు కరెంటు ఊరికే ఇస్తుందన్నాడు. కొత్త కాలువలు, తారు రోడ్లు, ఊరూరా ఆసుపత్రి. చివర్లో, మా ఆర్థిక విధానం మీద ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చన్నాడు. ఆ మాటకు అర్థం సభ అయిపోయిందని ఊరంతటికీ తెలుసు, చదువుకున్న నాకు తప్ప.

లేచి నిలబడ్డాను. "పన్నులన్నీ తీసేసి ఖర్చులన్నీ పెంచితే, దుడ్లు యాడ నుంచి వస్తాయి?" అని అడిగాను.

వకీలు మంచినీళ్ళు తాగాడు. ప్రశ్న చాలా బాగుందన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు. వెనక నిలబడ్డవాళ్ళలో ఒకాయన నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, ఆ మాట అడగమని నీకు చెప్పింది ఎవురు?"

"ఎవరూ చెప్పలేదప్పా. నాకే తోచింది."

"నీకే ఎట్ల తోస్తాది?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

మా ఊళ్ళో ప్రశ్న దానంతటది పుట్టదు. పైవీధి వాళ్ళను అడిగితే కిందివీధి వాళ్ళు పుట్టించినట్టే. మరునాడు పొద్దున్నే ఇద్దరు కిందివీధి మనుషులు మా వాకిట్లో ఉన్నారు. "మా పెద్దాయన నీ దైర్యం శానా మెచ్చుకుంటాండాడు సారూ. బస్సు దంకా మేము తోడొస్తాం" అన్నారు. వద్దన్నా వినలేదు. చెరో పక్కన నడిచి, నన్ను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి మరీ వెళ్ళారు. నేను అడిగింది జవాబు, దొరికింది కాపలా.

తర్వాతి శనివారం నేను ఇంటికి వెళ్ళేసరికి నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ వారం మంద పోవలసిన చేను పైవీధి రైతుది. ఆయన వచ్చి, "ఈ యేడు మంద వద్దులే మామా. నీ కొడుకు వాళ్ళ మనిషయినాడంట గదా" అని చెప్పి పోయాడట. మిగతా పైవీధి చేలూ అంతే. వానలు ఇంకా దూరం. సగం మేత పోతే సగం మందను అమ్ముకోవాలి.

నేను సర్దుతానన్నాను. నాకు తోచిన ఉపాయం లెక్క ప్రకారం తిరుగులేనిది. ఒక పక్షాన్ని అడిగితే రెండో పక్షం మనిషినైపోతే, రెండో పక్షాన్నీ అడిగితే ఎవరి మనిషినీ కాను. మరునాడే కిందివీధి వాళ్ళ సభ. వాళ్ళ పార్టీ విధానం పూర్తిగా వేరు. వాళ్ళు తీరువా ఎత్తేస్తామంటే వీళ్ళు పాత బకాయిలతో సహా ఎత్తేస్తామన్నారు. నేను లేచి అదే ప్రశ్న, అక్షరం పొల్లుపోకుండా అడిగాను. నా ఇద్దరు కాపలావాళ్ళు నన్ను చూసిన చూపులో కోపం కంటే బాధే ఎక్కువ కనిపించింది.

పొద్దు వాలే లోపల కిందివీధి చేలు కూడా మూసేశారు. మా ఊరి రెండు వర్గాలు ఒక ఆర్థిక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం నాకు తెలిసి అదే మొదలు.

కాలేజీకి సెలవు పెట్టి ఆగిపోయాను. రెండు రోజులు మంద దొడ్లోనే ఉంది. అమ్మ తుమ్మకొమ్మలు నరికి తెచ్చి వేసేది. అవి ఏ మూలకూ సరిపోక గొర్రెలు అరుస్తూనే ఉండేవి. ఆ అరుపులు వింటూ, నేను ఇంక జన్మలో నోరు తెరవకూడదనుకున్నాను.

మూడో రోజు పొద్దున ఆయన దొడ్లోకి పోయి రెండు పొట్టేళ్ళను బయటికి లాగాడు. అందులో ఒకటి ఆయన చేత్తో ఉలవలు పెట్టి పెంచింది. కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉంటాయి, పిలిస్తే వస్తుంది, మంద ఎటు పోవాలన్నా అదే ముందు నడిచేది. తాళ్ళు నా చేతికిచ్చి, "పట్టుకో" అన్నాడు.

పైవీధి పెద్దాయన తన వాకిట్లో కట్టిన పొట్టేలు వీపు మీద అరచేయి వేసి నొక్కి చూశాడు. "చదువుకున్నోడు గదా మామా, తెలీక అడిగింటాడు" అని నన్ను క్షమించాడు. కిందివీధి పెద్దాయన మాత్రం తన పొట్టేలును చూసి మొదట అడిగింది ఒకటే. "వాళ్ళకిచ్చింది దీనికంటే పెద్దదా?"

"రెండూ ఒక ఈతవే అప్పా. తూకం గూడా ఒకటే" అన్నాడు నాయన.

పాఠంలో చెప్పిన సమానత్వాన్ని నేను కళ్ళారా చూసింది ఆ ఒక్కచోటే. ఇంత నిక్కచ్చిగా పన్ను వేయడం ఏ పార్టీ విధానంలోనూ చదవలేదు.

మధ్యాహ్నానికి మంద చేలో పడింది. ముందు నడిచేది లేక గొర్రెలు కాసేపు గట్టు దగ్గరే గుంపుగా తిరిగాయి. నాయన కట్టె ఆనించుకుని వాటినే చూస్తూ నిలబడ్డాడు. నా చేతిలో ఇంకా ఆ రెండు తాళ్ళున్నాయి.

"తప్పు నాదే నాయనా" అన్నాను.

"ఆ పొద్దు సభలో అడిగితివి గదా, దుడ్లు యాడ నుంచి వస్తాయని" అన్నాడు, నా వైపు తిరగకుండానే. చేతికర్ర ఎత్తి మందను చూపించాడు.

"ఈడ నుంచే."