సప్పుడు రాని వైద్యం

మా మేడం పోయారని సోమవారం పొద్దున సుల్తానాబాద్‌లోని వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చింది. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయారట. ఏడుపు వస్తుందనుకున్నాను. దానికంటే ముందు, ఆవిడ గురించి ఎవరికైనా చెప్పాలన్న తొందర వచ్చింది. ఇది తప్పో ఒప్పో తెలియదు గానీ, ఆ తొందరలోనే రాస్తున్నాను.

కరీంనగర్‌లో ఆవిడది రెండు మంచాల క్లినిక్. బెంగళూరులో ఆస్టియోపతి నేర్చుకుని వచ్చారు. బిగుసుకున్న కీళ్లను, కండరాలను చేత్తో తడిమి తెలుసుకుని, చేత్తోనే సడలించే వైద్యం అది. నేను ఫిజియోథెరపీ డిగ్రీతో ఆవిడ దగ్గర చేరాను. పుస్తకం మీద ఉన్న నమ్మకం నా చేతుల మీద ఉండేది కాదు.

మొదటి రోజు ఆవిడ తన తలవెంట్రుక ఒకటి తెంపి, నోట్‌బుక్‌లో ఒక కాగితం కింద పెట్టారు. "కండ్లు మూసుకో. ఏడ ఉన్నదో వేలుతోని చెప్పు," అన్నారు. దొరికింది. తర్వాత రెండు కాగితాల కింద, మూడింటి కింద. వారం తిరిగేసరికి ఆరు కాగితాల కింది వెంట్రుకను పట్టుకున్నాను. ఎగిరి గంతేసినంత పని చేశాను.

"ఇగ మనుషుల మీద చెయ్యి పెట్టు," అన్నారు.

ఎవరొచ్చినా ముందు ప్రశ్నలే. జ్వరముందా, ఎక్కడైనా పడ్డారా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా. ఏమాత్రం తేడాగా అనిపించినా ముట్టుకోకుండానే పెద్దాసుపత్రికి పంపేవారు. నొప్పి ఉన్నచోటే మొదలుపెట్టడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. నడుమంటే పాదాలు చూసేవారు, మెడంటే పక్కటెముకలు. "పెయ్యి అంత ఒక్కటే. కొంగు గుంజితే కుచ్చిళ్లు కదలవా?" అనేవారు, ఒంటిని చీరతో పోల్చి.

నా అసలు పరీక్ష ఎదురుగా ఉన్న కటింగ్ షాపాయనతో వచ్చింది. క్లినిక్‌లో అందరం మామా అని పిలిచేవాళ్లం. బజార్లో సగం మందికి మెడలు విరిచి కటుక్కుమనిపించిన మనిషి, తన మెడే పట్టేసి వచ్చాడు. తల ఎడమకు తిరగడం లేదు. పెళ్లిళ్ల కాలం, రెండు రోజులుగా షట్టర్ దించే ఉంది. మేడం ఆయన భుజాలూ పక్కటెముకలూ తడిమి చూసి, నావైపు తిరిగారు.

"మెడ నువ్వు చెయ్యి."

ఆయన తల పట్టుకున్నాను.

"గంత గట్టిగ పట్టకు. నీ భయం ఆయన మెడకు తెలుస్తది."

తలను ఎడమకు, ఆగినంత వరకే తిప్పాను. నా అరచేతి మీదికి, కుడివైపుకు మెల్లగా నెట్టమన్నాను. ఐదు లెక్కపెట్టి, వదిలేయమన్నాను. ఆగాను. మళ్లీ అంతే.

"గీ బిడ్డ ఒత్తుతలేదు, విరుస్తలేదు. సప్పుడన్న రావాలె గద మేడం?" అన్నాడు మామ.

"సప్పుడు గావాల్నంటే బ్యాండ్‌మేళం పెట్టుకో. జర ఊకో మామా."

మూడోసారి నా వేళ్ల కింద ఏదో మెత్తబడింది. నేను తిప్పలేదు. మెడే వచ్చింది, ఇంకో రెండు వేళ్ల మేర. ఒళ్లు జలదరించింది. ఇది రాస్తుంటే మళ్లీ జలదరిస్తోంది.

మామ లేచి కూర్చున్నాడు. "సప్పుడే రాలే. మెడబొక్క జాగల ఎట్ల పడ్డది మరి?" అని సణుగుతూనే చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

ఆయన గడప దాటగానే అడిగాను. "మేడం, నేను చేస్తెనే వదిలిందా, దానంతటదే వదిలిందా?"

"బాగైతే ఆయన పెయ్యే బాగైతది. మనం జర అడ్డం తీసినం, గంతే." మంచం మీది దుప్పటి సర్దుతూ అన్నారు, "గా అనుమానం పోనియ్యకు బిడ్డా. అది పోతే చేతులు మొద్దువడ్తయి."

అంతవరకు నా అనుమానాన్ని నా లోపమనే అనుకున్నాను. ఆ రోజు నుంచి దాన్ని వెంటబెట్టుకునే పనికి వెళుతున్నాను.

ఇద్దరం కిటికీలోంచి చూశాం. మామ రోడ్డు అంచున నిలబడ్డాడు. కుడికి చూశాడు, ఎడమకు చూశాడు. బస్సులేవీ రావడం లేదు. అయినా మళ్లీ ఎడమకు చూశాడు.