బి-విటమిన్ల పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని రాజోలు నుంచి ఫోను వచ్చేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. మూడోసారి నీళ్లు వంపబోతూ చెయ్యి ఆపేశాను. బతికుండగా పెద్దమ్మ ఆ పని ఏనాడూ నన్ను నిశ్చింతగా చేసుకోనివ్వలేదు. పోయిన రోజున కూడా చేసుకోనివ్వలేదు.

ఆవిడ మా అమ్మకు అక్క. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి, తొంభైల మొదట్లో రిటైరయింది. బడి వదిలింది గాని పాఠం వదల్లేదు. "కడిగిందంతా కాలవకి పోయింది. ఇంక మీ కడుపుకేం మిగిలిందే?" అంటూ నా వంటింటి గుమ్మంలో నిలబడేది. గంజి పారబోస్తే ఇంకా కోపం.

పెళ్లి భోజనాల్లో ఆవిడ పక్కన కూర్చోవడానికి మా చుట్టాల్లో ఎవరికీ ధైర్యం చాలేది కాదు. విస్తట్లో తెల్లన్నం పడగానే మొదలుపెట్టేది.

"జావా దీవిలో ఒక డాక్టరు కోళ్లని పెంచేడండీ. ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వేస్తే వాటి కాళ్లు పడిపోయేయి. ఇంతలో కొత్త వంటవాడొచ్చేడు. కోళ్లకి ఇంత మంచన్నం దేనికని ముడిబియ్యం పెట్టించేడు. అవి లేచి తిరిగేయండీ! మనుషులకొచ్చే బెరిబెరీ అలాంటిదే. తవుడులో ఏదో ఉందని వెతగ్గా వెతగ్గా దొరికిందే బి-విటమిన్. మనం మాత్రం తవుడు గేదెకి పెట్టి, మిగిలింది తింటున్నాం."

పప్పు చల్లారిపోయేది. ఒకసారి పెళ్లికొడుకు తండ్రి, "ఆయ్, కోళ్లు లేచేయి కదండీ, మనమూ లేద్దాం" అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

అలాంటి మనిషికి, రెండువేల సంవత్సరం దాటాక, కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. చెప్పు ఊడి వీధిలో ఉండిపోయినా తెలియక ఇంటికి వచ్చేసేది. మెట్టు దిగుతూ పడింది కూడా. అమలాపురంలో మా ఇంటికి తీసుకొచ్చి డాక్టరుకు చూపించాం. రక్తపరీక్ష చూసి, "మీకు బి-పన్నెండు బాగా తక్కువగా ఉందండీ" అన్నారాయన.

అప్పుడు మీరు ఆవిడ ముఖం చూడవలసింది.

"నాకా? ఇన్నేళ్లుగా దంపుడు బియ్యమే తింటున్నానండీ!"

"అది బియ్యంలో ఉండదండీ, ఆకుకూరల్లోనూ ఉండదు. చేపలు, మాంసం, గుడ్లు, పాలు, వీటిలోనే. మీరు శాకాహారం. పాలూ మానేశానంటున్నారు."

"ఆ సంగతి నాకు తెలుసు" అంది పెద్దమ్మ.

తెలిసి ఏం లాభం? కఫమని పాలూ పెరుగూ మానేసింది తనే. ఇంజెక్షను వద్దు, తవుడు రొట్టె తింటే చాలని ఇంటికొచ్చి మాతో వాదన. చివరికి, ఆవిడకి తోడొచ్చిన మా అమ్మ ఏడ్చేసింది. "అక్కా, కోళ్ల కాళ్లకిచ్చిన విలువ నీ కాళ్లకివ్వవా?" అంది. పెద్దమ్మ లేచి చెప్పులు వేసుకుంది, ఆసుపత్రికి.

సూదులకు కాళ్లు మెల్లగా తేరుకున్నాయి. మాకు కొత్త పాఠం మొదలైంది. రక్తం క్షీణించి చావుకు దగ్గరైన రోగులకు పచ్చి కార్జం తినిపిస్తే బతికారట. ఆ కార్జంలో దొరికిందే బి-పన్నెండట. ఇది మా శాకాహారుల బంతిలో, పెరుగన్నం కలుపుకుంటున్నప్పుడు!

ఆ రోజుల్లోనే ఆవిడ చూపు మా అత్తగారి మీద పడింది. అప్పటికి కొంతకాలంగా అత్తగారు కూరలో ఉప్పు రెండుసార్లు వేసేవారు. మా ఆయన్ని తమ్ముడి పేరు పెట్టి పిలిచేవారు. వయసులే అని ఊరుకున్నాం.

"వయసని ఎవరు చెప్పేరు? పరీక్ష చేయించండి బాబూ" అంది పెద్దమ్మ.

"మీకొచ్చిందని అందరికీ వస్తుందా అత్తయ్యగారూ?" అని మా ఆయన విసుక్కున్నారు.

"చేయించేదాకా మీ ఇంట్లో మెతుకు ముట్టను" అని ఆవిడ వెళ్లి అరుగు మీద కూర్చుంది. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఆవిణ్ణి బతిమాలలేక, ఈయన్ని కదపలేక, అత్తగారిని నేనే రిక్షా ఎక్కించాను.

అత్తగారికీ అదే లోపం. "మతిమరుపులన్నీ దీనివల్ల రావండీ. ఈవిడది మాత్రం తిరిగొచ్చే రకంలా ఉంది" అన్నారు డాక్టరు గారు. నెలల తరబడి సూదులు పడ్డాక, ఒక పొద్దున్న అత్తగారు పులుసు రుచి చూసి, "ఏమ్మా, బెల్లం ఎక్కువేసేవు" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెద్దమ్మ మాత్రం, "నాలుకకి నచ్చితే చాలదు వదినగారూ, నరానికీ బలం అందాలి" అని, పక్కనున్న అన్నం అంత తెల్లగా ఎందుకుందని నన్ను నిలదీసింది. అది మొదలు నన్ను తప్పుపట్టేవాళ్లు ఇద్దరయ్యారు.

ఎంత విసిగించిందో చెప్పలేను. మా అత్తగారిని మాకు తిరిగి ఇచ్చింది మాత్రం ఆ విసిగింపే.

రాజోలులో కడసారి చూసుకుని బస్సులో తిరిగొస్తున్నాం. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, రాబోయే ఊళ్ల పేర్లు తనలో తను చెప్పుకుంటున్నారు. తాటిపాక. మామిడికుదురు. నగరం. పాశర్లపూడి. అత్తగారు చెప్పాకే ఒక్కో ఊరూ వస్తోంది.