స్కోర్‌కు తలుపుంటుందా?

మూడు వారాల క్రితం మా ఇంటి ఓనర్ ఆంటీ పొద్దున్నే నా గది తలుపు తట్టి, "నాన్న నిద్రలనే పోయిండమ్మా" అన్నారు. అమెరికాలోని కాపెల్‌లో రెండేళ్లుగా నేను అద్దెకుంటున్న ఇల్లది. ఆమె తండ్రి ఒకప్పుడు హనుమకొండలో కాలేజీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పారు. నేనూ ఆయన్ని సార్ అనే పిలిచేదాన్ని.

క్లాసులో ఆడపిల్లలు నోరు తెరిచి అడగరని, ప్రశ్నలు చీటీల మీద రాసివ్వమనేవారట. రిటైరయ్యాక చీటీలు ఆయనే రాయడం మొదలుపెట్టారు. పైన ప్రశ్న, కింద సగం జవాబుకి ఖాళీ. ఫ్రిజ్ మీద గుమ్మడికాయ మాగ్నెట్ కింద నాకోసం పెట్టేవారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. అంత చదివిన మనిషి నన్ను అడిగి తెలుసుకోవడం నాకు కొత్త.

ఒకసారి ఫోన్‌లో చాట్‌బాట్‌ని నీకు బాధ తెలుసా అని అడిగారు. తెలియదంది. "తెల్వదని చెప్పేటందుకైనా లోపల ఒకరుండాలె గదా" అన్నారు. అది మాట పక్కన మాట పేర్చడమేనని వాదించాను. "మరి ఇప్పుడు నువ్వు జేసేదేంది?" అని నవ్వారు.

నా మాస్టర్స్ ప్రాజెక్ట్, ఒక సాయ సంస్థ ఇచ్చే ఉచిత సరుకులకు వచ్చే దరఖాస్తులు చదివి, స్కోర్ వేసి అర్హులెవరో తేల్చే ప్రోగ్రామ్. ఒక ఆదివారం సార్‌కి చూపిస్తూ సరదాకి మా అమ్మ వివరాలిచ్చాను. కూలిపని, రోజుకో చేను. స్థిరమైన పని చూపలేదని తిరస్కరించింది. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

"ఇప్పుడు మీ అమ్మ పోయి ఎవర్ని అడగాలె బిడ్డా?"

"స్కోర్ తక్కువొచ్చింది సార్, అంతే."

"స్కోర్‌కు తలుపుంటదా, పోయి కొట్టడానికి?"

నాకు మా ఊరి రేషన్ షాపు గుర్తొచ్చింది. నాట్లేసి అరిగిన అమ్మ వేలిముద్రని మిషన్ తీసుకోలేదు. మిషనే కాదంటుంటే నేనేం చేయాలన్నాడు డీలర్. అమ్మ సంచి మడుచుకుని వచ్చేసింది. ఇది సార్‌కి చెప్పాను. యంత్రానికి స్పృహ ఉందా అన్నది నిదానంగా తేలనీ, దాని వెనక నిలబడ్డవాడికి మాత్రం ఉంది అన్నారు. అధికారం ఉన్నవాడు కాదనొచ్చు. ఎందుకని అడిగితే ఎదురుగా నిలబడి చెప్పాలి. ఇన్నేళ్లూ తాను చెప్పిన పాఠం అంతేనట.

ప్రాజెక్ట్ మారిస్తే గ్రాడ్యుయేషన్ ఒక సెమిస్టర్ వెనక్కి పోతుందన్నారు ప్రొఫెసర్. వీసా, ఇస్తామన్న ఉద్యోగం, రెండూ దానికే ముడిపడి ఉన్నాయి. మార్చమని సార్ ఒక్కసారీ అనలేదు. అన్నం దగ్గర మాత్రం, "తలుపు దొరికిందా?" అనేవారు. నేను పప్పు గిన్నె అటు జరిపేదాన్ని.

అంత్యక్రియల మర్నాడు ప్రాజెక్ట్ మారుస్తానని ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టాను. ప్రోగ్రామ్ కాదన్న ప్రతి దరఖాస్తునీ ఇక ఒక మనిషి చదువుతారు. తిరస్కరణ ఉత్తరం చివర ఆ మనిషి పేరు, కూర్చునే గది నంబరు ఉంటాయి. నా డిగ్రీ వచ్చే సెమిస్టర్‌కి వెళ్లింది. ఉద్యోగం సంగతి ఇంకా తెలియదు. అమ్మకి ఫోన్‌లో అంతా చెబితే, "ఆ గదిలున్నామె మంచిగ మాట్లాడుతదా?" అని అడిగింది. సార్ ఉంటే వెంటనే చీటీ మీద రాసుకునేవారు.

ఆయన చివరి చీటీ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది, పైన ఆ చాట్‌బాట్ గురించిన ప్రశ్నతో: "తనకు తెలియదన్న సంగతి దానికి తెలుసా?" ఆంటీ దాన్ని తీయలేదు. పాల కోసం ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ, ఖాళీగా ఉన్న కింది సగం కొద్దిగా లేచి మళ్లీ అతుక్కుంటుంది.