ఊక బొగ్గులో కలిపిన గంజి

ఒక క్యాను గంజి ఇన్నేళ్లుగా నా గుండెల మీద బరువుగా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

బెంగాల్లోని షాలిమార్ రైల్వే క్వార్టర్సులో మాకు రెండిళ్ల అవతల సరోజినక్క ఉండేది. సాగునేలల మీద పనిచేసే ఒక పరిశోధనశాలలో ఉద్యోగం. నన్ను అక్కడ చేర్పించిందీ ఆమే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఇంటి వెనక పాత డ్రమ్ములో వరి ఊక పోసి, గాలి ఆడకుండా మూతపెట్టి బొగ్గు చేసేది. మేమంతా చుట్టూ చేరేవాళ్లం. పాడుతూ పాడుతూ మధ్యలో దగ్గేది. ఆ పొగ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా అక్కడే ఆగిపోతాను. అంత హాయిగా మళ్లీ ఎప్పుడైనా ఉన్నానా? లేను.

ఆ బొగ్గుకు మేలుచేసే బ్యాక్టీరియాను పట్టించి వరిమడిలో వేయాలని ఆమె కోరిక. ఒట్టి బొగ్గు వేస్తే నేలలోని నత్రజనిని మొదట అదే పట్టేసుకుంటుంది. ఆ లోటు బ్యాక్టీరియా తీర్చాలి. అది బొగ్గుకు అంటుకోవడానికి గంజి కావాలి. గంజి తెచ్చే పని నాది. అమ్మను అడిగాను, ఎందుకో చెప్పలేదు. మా ఇంట్లో గంజి అడిగేది తాగడానికే. ఎండలో పొలానికి వెళుతున్నాం కదా అని అమ్మ గుప్పెడు ఉప్పు వేసి కలిపింది.

ఊరి బయట ఒక రైతు మడి గట్టు మీద అన్నీ కలిపేశాక, దాహమేసి, క్యాను అడుగున మిగిలింది నోట్లో పోసుకున్నాను. ఉప్పు! అంత ఉప్పులో బ్యాక్టీరియా బతకడం కష్టమని నాకు తెలుసు. బొగ్గు ఇంకా గట్టు మీద పరిచిన పట్టా మీదే ఉంది, మడిలో చల్లలేదు. చెప్పడానికి సమయం ఉంది.

“ఏటే, అలాగ నిల్చుండిపోనావు? గంజి బాగోనేదేటి?” అంది అక్క.

“ఏటీ నేదక్కా. బాగుంది.”

ఎందుకలా అన్నాను? బ్యాక్టీరియా ప్యాకెట్లు మళ్లీ దొరకవనా? ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదనా? ఆమె ముఖంలో సంబరాన్ని చెడగొట్టలేకపోయానని చాలాకాలం అనుకున్నాను గానీ, అది నన్ను నేను మంచిదాన్ని చేసుకోవడానికి అల్లుకున్న కబురే. తిట్లు తినాలని లేదు, అంతే.

పక్క మడి పచ్చగా ఎదిగింది. మాది పసుపెక్కిపోయింది. రైతు ఇక వద్దని దణ్ణం పెట్టేశాడు. పైవాళ్లు ఆ పని ఆపించి అక్కను ఆఫీసు సీటుకు మార్చారు. నన్ను పర్మనెంటు చేశారు. ఆమె డ్రమ్మును పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేసింది.

ఇప్పుడు భవానీపూర్‌లో మేనకోడలి దగ్గర ఉంటోంది. అప్పుడప్పుడు వెళతాను. చేపల పులుసు వండి పెడుతుంది. మొన్న మేనకోడలు ఫోనులో ఒక ఫోటో చూపించింది. ఎవరో బయోచార్‌కి, అంటే మా ఊక బొగ్గులాంటిదానికే, బ్యాక్టీరియా పట్టించి వేసిన మడి, పచ్చగా ఉంది. అక్క కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. వీళ్లకు బొగ్గు కాల్చడం తెలుసు, నాకు చేతకాలేదు అంది, నవ్వుతూనే. నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆనాటి అబద్ధం భయంతో ఆడాను. మొన్నటిది? అలవాటుగా ఆడాను. అదే నన్ను పడుకోనివ్వడం లేదు.

అక్కా, నీ బొగ్గులో ఏ లోపమూ లేదు.

రాసేశాను. గుండె తేలికైంది, ఆ తేలికకు సిగ్గుగానూ ఉంది. ఎందుకంటే బెంగాలీ బడిలో చదివిన అక్కకు తెలుగు చదవడం రాదు. నేనిది తెలుగులో రాశాను.