నా పేరున్న స్టీలు

మా ఇంట్లో ఒక రివాల్వర్ ఉంది. అది నాది. ఇష్టపడి కొనుక్కున్నాను. ఈ మూడు ముక్కలు వినగానే మనవాళ్ల ముఖాలు ఎలా మారతాయో, తర్వాత ఏ ప్రశ్న వస్తుందో నాకు కంఠతా వచ్చు. "ఎందుకండీ, మీ ఏరియాలో దొంగతనాలు ఎక్కువా?"

అప్పుడు మేము చికాగో పక్కన అరోరాలో ఉండేవాళ్లం. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది, ఆఫీసులో మా టీమంతా ఒక సాయంత్రం షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటకి తీసుకెళ్తే బంతిని నేరుగా పక్క కాలవలోకి వదిలే మనిషిని నేను. అలాంటిది ఆ రోజు కాగితం మీద నల్లచుక్క చుట్టూనే గుళ్లన్నీ దింపాను. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్‌ని నెమ్మదిగా లాగుతుంటే, పొద్దుటి నుంచి తలలో ఉన్న రొదంతా ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ రిలీజు లేదు, మేనేజరు లేడు, రాత్రికి కూరేమిటన్న ఆలోచనా లేదు. అంత ప్రశాంతత నాకు ఏ యోగా క్లాసులోనూ దొరకలేదు.

రాష్ట్రం ఇచ్చే తుపాకీ కార్డుకి అప్లై చేశాను. అది నా పేరు మీద వచ్చాక, పాత తుపాకులు అమ్మే ఒక షాపులో దీన్ని చూశాను. డెబ్బైలలో తయారైంది, ఇంచుమించు నా ఈడుదే. అంతా స్టెయిన్‌లెస్ స్టీలు. కొత్తవాటిలా కళ్లు జిగేల్‌మనిపించే మెరుపు కాదు, ఏళ్ల తరబడి వాడి నునుపెక్కిన అట్లకాడ రంగు. చెక్క పిడి మాత్రం ఎవరి అరచేతి చెమటకో నల్లబడింది. గుళ్లు పెట్టే సిలిండర్‌ని పక్కకి తెరిచి వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతుంది. మూస్తే టిఫిన్ క్యారియర్ క్లిప్పు పడ్డట్టు ఒక్క చప్పుడు. నేను ఆ చప్పుడికే పడిపోయాను.

పిల్లలు వచ్చిపోయే ఇల్లు కదా అన్నవాళ్ల మాటను నేను ఎప్పుడూ తీసిపారేయలేదు. మాకు పిల్లలు లేకపోయినా రివాల్వర్‌కొక ఇనప్పెట్టె, గుళ్లకొక ఇనప్పెట్టె కొన్నాను, తాళాలు నా దగ్గరే ఉంచుకున్నాను. కానీ అసలు గొడవ అది కాదు. భయంతో కొన్నానని చెప్పి ఉంటే అందరూ అయ్యో పాపం అని ఊరుకునేవారు. ఆడది భయపడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇష్టంతో కొన్నాననేసరికి ఎవరికీ మింగుడు పడలేదు. మా స్నేహితుల్లో ఒకాయన గోల్ఫ్ కర్రల కోసం ఏకంగా ఒక గదే కేటాయించాడు, ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఆయన మంచివాడు. అయితే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ ఆయనకు పుట్టుకతో వచ్చింది. వాళ్లమ్మ మా దగ్గర ఆరు నెలలు ఉండటానికి వస్తోందని తెలిసిన రోజు నుంచి ఆ బెంగ రెట్టింపైంది.

"అమ్మ చూసిందంటే షాక్ అయిపోద్ది. వెంటనే రిటర్న్ ఫ్లైట్ బుక్ చేయమంటుంది. ప్లీజ్, సేల్ చేసేద్దాం. మా ఆఫీసులో ఒకడికి తెలిసిన గన్ కలెక్టర్ ఉన్నాడు, పాత తుపాకులు సేకరిస్తాడు, మంచి రేటిస్తాడు" అన్నాడు.

"కార్డు నా పేరు మీదుంది. నేను సంతకం పెట్టందే అది ఇల్లు కదలదు" అన్నాను.

అలా చాలా రోజులు నిలబడ్డాను. ఆయనా పట్టు వదల్లేదు. అన్నం దగ్గర అదే మాట, కార్లో అదే మాట. ఒకరోజు ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చి, ఇక విసిగిపోయి సరే అనేశాను. అన్న మరుక్షణం నుంచి నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

కలెక్టర్ ఊళ్లో లేకపోవడంతో, అత్తయ్య వచ్చిన రెండో వారం శనివారానికి గానీ రాలేనన్నాడు. ముందురోజు మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతున్నారు కదా అని, డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి చివరిసారిగా దాన్ని శుభ్రం చేస్తున్నాను. బారెల్‌లో నూనె గుడ్డ దూర్చి తీస్తుంటే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని తలెత్తేసరికి ఆవిడ ఎదురుగా నిలబడి ఉన్నారు.

"నిజందేనా?" అన్నారు.

"నిజందే అత్తయ్యా. గుళ్లు లేవు, చూడండి" అని సిలిండర్ తెరిచి చూపించాను.

అరుస్తారనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, చెంగుతో చేతులు తుడుచుకుని, ఇటివ్వు అన్నట్టు చెయ్యి చాపారు. గోడ వైపు పెట్టి పట్టుకోమని చెప్పి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు. వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"గట్టి స్టీలే అమ్మాయ్. ఎక్కడా అతుకు లేదు. కాస్త చింతపండేసి తోమితే ఇంకా తెల్లగా వస్తది."

"వద్దత్తయ్యా!" అని కంగారుగా వెనక్కి తీసుకున్నాను.

ఆవిడ నవ్వారు. "నేనేం తోమన్లే. ఇది నువ్వు కొనుక్కున్నదేనా?"

"నా జీతంతో కొనుక్కున్నాను. రేపు అమ్మేస్తున్నాం."

"మరి కొన్నప్పుడు పేరు కొట్టించలేదే?"

ఆవిడ దృష్టిలో స్టీలు సామాను కొన్నాక జరగాల్సిన మొదటి పని అదే. గిన్నె కొంటే షాపువాడు అక్కడికక్కడే కరెంటు పెన్నుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఇవ్వాలి. ఏ పెళ్లికి అరువిచ్చినా, ఏ పక్కింటికి కూర పంపినా ఆ గిన్నె పేరు చూసుకుని తిరిగి ఇంటికి రావాలి.

"కొట్టించుకునే ఉంటే నువ్వింత తేలిగ్గా అమ్మనిచ్చేదానివి కాదులే" అన్నారు. "నా పట్టుచీరలు తూకానికేసి కొన్నా మనూరి ఇంట్లో స్టీలు బిందెలన్నీ. వాటి మీద కూడా మీ మామయ్య పేరే. నా పేరెయ్యమని అడగాలని నాకూ తోచలేదు, ఆ షాపోడికీ తోచలేదు" అన్నారు.

ఆవిడ కాఫీ పెట్టుకుని హాల్లోకి వెళ్లాక, నేను వంటింటి అల్మరాలన్నీ తెరిచి చూశాను. పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెల మీద మా నాన్న పేరుంది. పెళ్లికి వచ్చిన పళ్లేల మీద ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి. అత్తయ్య తెచ్చిన డబ్బాల మీద మామయ్య పేరుంది. నేను రోజూ వండి, వడ్డించి, కడిగే సామానంతటి మీద ఎక్కడా నా పేరు లేదు.

మా గ్యారేజీలోనూ ఒక కరెంటు పెన్ను ఉంది. పక్కింటివాళ్లు సుత్తీ పారా అడిగి పట్టుకెళ్తారని, వాటి మీద ఇంటిపేరు కొట్టుకోవడానికి మా ఆయన కొన్నాడు. శనివారం పొద్దున్నే రివాల్వర్ తీసుకుని అక్కడికి వెళ్లాను. సీరియల్ నంబర్ జోలికి వెళ్లలేదు, అది చెరిపితే నేరం. పక్కనున్న నున్నటి పలక మీద ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు తెలుగులో కొట్టాను. పెన్ను స్టీలుకి తగిలి గీ పెడుతుంటే పళ్లు జివ్వుమన్నాయి. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. రానీ, నాకేం ఫర్వాలేదు.

కలెక్టర్ తెల్లజుట్టు పెద్దాయన, మర్యాదస్తుడు. మా ఆయన కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు. పెద్దాయన రివాల్వర్‌ని ముద్దుగా అందుకుని, పిడి చూశాడు, సిలిండర్ తెరిచి చూశాడు, రెండో వైపు తిప్పి ఆగిపోయాడు. ఈ రాతేమిటని అడిగాడు. నా పేరన్నాను. ఎప్పుడు రాశారన్నాడు. ఇందాకే అన్నాను. మా ఆయన కప్పు పక్కన పెట్టి తొంగి చూశాడు.

"ఇంత మంచి పీస్‌ని పాడుచేశారు. దీన్నిక ఎవరూ కొనరు" అన్నాడు పెద్దాయన నిజంగానే బాధపడుతూ.

"అందుకే రాశాను" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, దాన్ని జాగ్రత్తగా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తలుపు మూసుకోగానే మా ఆయన నా వైపు తిరిగాడు.

"సరే అన్నావు కదా! ఆయన ముందు నా పరువు తీశావ్. ఇప్పుడు దీన్నేం చేస్తావ్?"

"వచ్చే ఆదివారం రేంజ్‌కి తీసుకెళ్తాను. ఆ తర్వాత ఆదివారం కూడా."

"అమ్మా, నువ్వైనా చెప్పు" అన్నాడాయన వాళ్లమ్మతో.

ఆవిడ అప్పటిదాకా సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ ఉన్నారు. లేచి సింకు దగ్గరికి వెళ్లి, ఊరి నుంచి తెచ్చుకున్న తన స్టీలు గ్లాసు కడిగి, చెంగుతో తుడిచారు. తెచ్చి నా ముందు టేబుల్ మీద పెట్టారు.

"ఆ పెన్ను తెచ్చి దీని మీద నా పేరు కొట్టమ్మాయ్" అన్నారు. "ఇంటిపేరు అక్కర్లేదు."