దేవసహాయం మాస్టారు ఎంచుకున్న ఆటగాడు

నిన్న సాయంత్రం పక్క గదిలోంచి ఉండుండి చప్పట్లు వినిపించాయి. వెళ్లి చూస్తే మా మనవరాలు టీవీ ముందు కూర్చుని ఉంది. ఏదో పెద్ద ఫుట్‌బాల్ లీగువాళ్లు విదేశాల నుంచి వచ్చిన ఆటగాళ్లను పేరుపేరునా పిలిచి జట్లకు పంచుతున్నారు. పేరు పిలవగానే హాలంతా చప్పట్లు. పిలుపందుకున్నవాడు లేచి కొత్త చొక్కా పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ చప్పట్లు వింటుంటే నాకు నందిగామలో ఒక మైదానం గుర్తుకొచ్చింది. అక్కడా ఒక ఉదయం పేర్లు పిలిచారు. మొదటి పేరు పిలిచినప్పుడు మాత్రం ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పిలిచింది మా దేవసహాయం మాస్టారు.

ఆయన జగ్గయ్యపేట బడిలో డ్రిల్ మాస్టారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. ఈల మెడలో వేలాడుతున్నా నోట్లో రెండు వేళ్లు పెట్టి ఊదటమే ఆయనకిష్టం. బడి వదిలేసినవాళ్లని కూడా ఆయన వదిలిపెట్టేవారు కాదు. నేను పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరాక నాలుగు రోజులు మైదానానికి వెళ్లకపోతే తిన్నగా ఆఫీసుకే వచ్చారు. "ఒరే శేషూ, ఈ కాగితాలకి కాళ్లు లేవు గనక ఇక్కడ పడున్నాయి. నీకేమైందిరా?" అన్నారు. ఆ సాయంత్రం నుంచి మళ్లీ వెళ్లాను. ఏడాది తిరిగేసరికి నన్నే కెప్టెన్‌ని చేశారు.

అరవైల నడిమి రోజులవి. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, వీరులపాడు జట్లు ఏటా వేసవిలో ఫుట్‌బాల్‌లో పోటీ పడేవి. మొదట్లో ఊరి కుర్రాళ్లే ఆడేవారు. పోనుపోను ఊళ్లో డబ్బున్నవాళ్లు పట్టుదలకు పోయి, బెజవాడ నుంచీ హైదరాబాదు నుంచీ ఆటగాళ్లను కిరాయికి దింపటం మొదలుపెట్టారు. ఊరి కుర్రాళ్లు గట్టున కూర్చుని చూడాల్సి వచ్చింది. అప్పుడు మాస్టారే నందిగామ వెళ్లి పెద్దలందరినీ కూర్చోబెట్టి ఒప్పించారు: జట్టుకి ఇద్దరే బయటివాళ్లు ఉండాలి, వచ్చినవాళ్లందరినీ ఒకచోట ఆడించి చూడాలి, కిందటేడు అట్టడుగున ఉన్న జట్టు ముందుగా ఎంచుకోవాలి. అట్టడుగున ఉన్నది మేమే.

ఎంపిక రోజున అందరి కళ్లూ హైదరాబాదు నుంచి వచ్చిన పోలీసాయన మీదే. ఆయన తంతే బంతి ఫిరంగి గుండులా వెళ్లేది. ఒక మూల మాసిన కాన్వాసు బూట్లు వేసుకున్న సన్నపాటి మనిషి నిలబడి ఉన్నాడు. ముప్పై దాటిన వయసు. పేరు యోహాను. వాళ్ల తాత వీరులపాడు నుంచి బర్మాలోని రంగూను వెళ్లి ఓడరేవులో కూలి చేశాడట. యోహాను అక్కడే పుట్టి, అక్కడి జట్లలో ఆడి, ఆ దేశం మనవాళ్లను సాగనంపుతుంటే భార్యాబిడ్డలతో ఓడెక్కి వచ్చాడు. కంచికచర్లలో బియ్యం మిల్లులో బస్తాలు మోస్తున్నాడు.

మాస్టారు పిలిచిన మొదటి పేరు అతనిదే. అందరూ తిరిగి పోలీసాయన వైపు చూశారు. నేను ఉండబట్టలేక మాస్టారి చెవిలో అడిగాను.

"పోలీసాయన్ని వదిలేశారేంటండీ?"

"బంతి పోయినప్పుడల్లా ఆయన ఎవరి మీద కేకలేశాడో చూశావా? పక్కవాళ్ల మీద. ఇతను పక్కవాడి భుజం తట్టి మళ్లీ పరిగెత్తాడు. పొద్దుట్నించీ తనతో ఆడినవాళ్లలో ఒక్కడి పేరూ తెలియదురా ఇతనికి!"

మాకు లారీ ఇచ్చే మిరపకాయల వ్యాపారి, పోలీసాయన్ని తీసుకోలేదని అలిగి లారీ ఇవ్వటం మానేశాడు. మేం బస్సుల్లో తిరిగాం. మాస్టారు తన ఇంటి వెనక గది ఖాళీ చేయించి యోహాను కుటుంబాన్ని తెచ్చి పెట్టారు. మాస్టారి భార్య రత్నమ్మగారు నాతో, "ఆటగాణ్ణి తెస్తానని పోయి సంసారాన్ని తెచ్చారు మీ మాస్టారు. నాకు ముందే చెబితే ఇంకో కుంచెడు బియ్యం దంపించేదాన్నిగా!" అని నవ్వారు. యోహాను కోసం మాస్టారు నన్ను మధ్య నుంచి ఎడమ పక్కకి మార్చారు. నన్ను చిన్నబుచ్చినట్టే అయింది. కానీ రెండో ఆటకల్లా సంగతి అర్థమైంది. నేను ఎక్కడికి చేరతానో అక్కడికి బంతి ముందే వచ్చి ఉండేది. "చూడకుండా ఎలా ఇస్తావన్నా?" అని అడిగితే, "నీ అడుగుల చప్పుడు వినపడుద్దిగా తమ్ముడూ" అనేవాడు.

అలా ఫైనలుకి చేరాం, నందిగామతోనే. ఆట మొదలుకాబోతుండగా పోటీలు నడిపే కమిటీ పెద్ద, నందిగామ ఆయనే, అడ్డొచ్చాడు. "బయటివాడంటే బయటూరివాడు అనుకున్నాం గానీ, బయట దేశపోణ్ణి తెస్తారా మాస్టారూ? ఇతను ఆడటానికి లేదు."

మాస్టారు ఎంత చెప్పినా వినలేదు. అప్పటిదాకా తలొంచుకున్న యోహాను మెల్లగా అన్నాడు. "అక్కడ ఇండియావాడివి, పొమ్మన్నారండి. ఇక్కడ బర్మావాడివి అంటన్నారు. మరి నేను ఎక్కడ నిలబడాలండి?"

అయినా కమిటీ పెద్ద మాట మారలేదు. నాకు ఒళ్లు మండి, ఆడకుండా వెళ్లిపోదామన్నాను. యోహానే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంతదూరం వచ్చి ఆడకుండా పోతారా? ఆడండి తమ్ముడూ, నేను చూస్తా."

మాస్టారు మెడలోని ఈల తీసి నా చేతిలో పెట్టారు. "ఇవాళ జట్టుని నువ్వే చూసుకోరా. అతనొక్కడూ బయట కూర్చుంటే బాగోదు." ఆ మాట అని, మైదానం చుట్టూ కట్టిన తాడు కింద నుంచి వంగి అవతలికి వెళ్లి, వేరుశనక్కాయలు తింటున్న జనం మధ్య యోహాను పక్కన నేల మీద చతికిలబడ్డారు. మాస్టారి కోసం వేసిన మా బడి కుర్చీ ఆటంతా ఖాళీగానే ఉంది. నేను ఎప్పుడు అటు చూసినా యోహాను చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తున్నాడు, మాస్టారు శిష్యుడిలా తలాడిస్తున్నారు.

మేం ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. ఆట అయ్యాక నందిగామ కెప్టెన్ కప్పు అందుకోవటానికి ముందు తాడు దగ్గరికి నడిచి వెళ్లి యోహానుతో చేతులు కలిపాడు. అతని వెనకే వాళ్ల జట్టంతా వెళ్లింది. కమిటీ పెద్ద అది చూస్తూ నిలబడ్డాడు. మరుసటి ఏడు ఎంపికలో ఆ అభ్యంతరం ఎత్తినవాడు లేడు. యోహాను జగ్గయ్యపేటలోనే స్థిరపడ్డాడు. మాస్టారు పోయిన రోజున ఆయన కొడుకులతో పాటు శవపేటిక మోసింది అతనే.

తర్వాత నేను ఉద్యోగరీత్యా చాలా ఊళ్లు తిరిగాను. ఫుట్‌బాల్ ఎప్పుడో పోయింది, మోకాళ్లూ పోయాయి. నేను పదవీ విరమణ చేయబోయే ఏడు మా ఆఫీసుకి ఒరిస్సా వైపు నుంచి ఒక టైపిస్టు వచ్చింది. తెలుగు సరిగా రాదు. మధ్యాహ్నం అందరూ గుంపుగా కూర్చుని తింటుంటే ఆ అమ్మాయి వరండా చివర ఒక్కతే కూర్చుని డబ్బా మూత తీస్తోంది. నేను నా క్యారియరు పట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి కంగారుగా లేచి, "లోపల ఫ్యాన్ ఉంది సార్, ఇక్కడెందుకు?" అంది.

"ఇక్కడ గాలి బాగుందమ్మా, కూర్చో" అన్నాను. ఆ రోజు ఆకు కూడా కదలలేదు.